డ్యాష్‌బోర్డు చెప్పే జోస్యం

ట్యాంకు ఫుల్ చేయించి బంకులోంచి బయటికొస్తాం. డ్యాష్‌బోర్డు మీద '520' అని అంకె మెరుస్తుంది. ఉన్న పెట్రోలుతో ఇంకా 520 కిలోమీటర్లు వెళ్లొచ్చని దానర్థం. హైదరాబాద్ నుంచి విజయవాడ ఇంచుమించు 275 కిలోమీటర్లు. వెళ్లి, పని చూసుకుని, తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాకా మళ్లీ బంకు మొహం చూడక్కర్లేదని అక్కడికక్కడే లెక్కేసుకుంటాం. తీరా ఎల్బీ నగర్ దాటేసరికి ఆ అంకె 490! బండి కదిలింది పదిహేను కిలోమీటర్లే. మరి మిగతా పదిహేను ఏమైనట్టు?

బంకులో మోసం జరిగిందా? ట్యాంకు కారుతోందా? మెకానిక్‌కి చూపించాలా? చాలామందికి మొదట వచ్చే అనుమానాలివే. నిజానికి పెట్రోలు ఎక్కడికీ పోలేదు. మనం దాన్ని కొలత అనుకున్నాం, అది చెప్పింది జోస్యం! అదీ రాబోయే దారిని చూసి కాదు, గడిచిన దారిని చూసి చెప్పే జోస్యం.

రెండు అంకెల గుణకారం

లోపల జరిగేది తెలిస్తే గందరగోళం సగం పోతుంది. ఇంటి మీద నీళ్లట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా, పెట్రోలు ట్యాంకులోనూ అలాంటి ఫ్లోట్ ఒకటి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ అది కిందికి దిగుతుంది. దానికున్న చిన్న కడ్డీ కదలికను బట్టి ఎంత ఇంధనం మిగిలిందో కంప్యూటరు అంచనా వేస్తుంది. ఇది మొదటి అంకె. ఈమధ్య లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నది రెండో అంకె. ఆ రెంటినీ గుణిస్తే వచ్చేదే 'రేంజి'.

ఉదాహరణకు ట్యాంకులో 35 లీటర్లున్నాయి. నిన్నటిదాకా హైవే మీద తిరగడంతో మైలేజీ లీటరుకు 15 వచ్చింది. రేంజి 525 అని చూపిస్తుంది. ఇవాళ అదే కారు దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో, ఫస్టు గేరులో, ఏసీ వేసుకుని పాకుతోంది. మైలేజీ 12కి పడిందనుకుందాం. 35ని 12తో గుణిస్తే 420. ట్యాంకులో పెట్రోలు దాదాపు అంతే ఉన్నా లెక్కలో వంద కిలోమీటర్లు మాయం!

అయితే 'ఈమధ్య' అంటే ఎంత? చివరి పాతిక కిలోమీటర్లా, వందా, అంతకన్నా ఎక్కువా? ఇది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే పక్కింటివారి కారులో నిలకడగా కదిలే అంకె మన కారులో గంతులేస్తుంటుంది. పెట్రోలు బాగా తగ్గాక అంకె తీసేసి గీతలు మాత్రమే చూపించే కార్లూ ఉన్నాయి. 'ఇక నేను చెప్పలేను, వెంటనే పోయించు' అని దానర్థం.

ముల్లు సంగతీ ఇంతే. 'ఎఫ్' దగ్గర్నుంచి సగానికి రావడానికి వారం పట్టి, సగం నుంచి 'ఈ'కి నాలుగురోజుల్లోనే దిగిపోయిందని ఆశ్చర్యపోతుంటారు. వెనక సీటు కింద, ఇరుసులు, గొట్టాల మధ్య దొరికిన చోటులో ఇమిడేలా తయారుచేస్తారు కాబట్టి ట్యాంకు చక్కటి పెట్టె ఆకారంలో ఉండదు. పైగా మూతి దాకా నింపినప్పుడు ఫ్లోట్ పైనే ఆగిపోతుంది. కాస్త వాడినా ముల్లు కదలదు. ఇక ఏటవాలులో ఆపితే పెట్రోలు ఓ పక్కకు ఒరిగి లెక్క మారుతుంది. అందుకే ముల్లును సమతలం మీద చూడాలి.

కొండ దిగితే పెట్రోలు పెరుగుతుందా?

తిరుమల వెళ్లేవాళ్లు ఈ వింత చూసే ఉంటారు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రేంజి గబగబా తగ్గిపోతుంది. దర్శనం చేసుకుని దిగుతుంటే అదే అంకె పెరుగుతూ వస్తుంది! స్వామి మహిమేమీ కాదు. కొండ దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లకు పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్ని తిప్పుతుంటాయి. చుక్క ఖర్చు లేకుండా కిలోమీటర్లు గడిచేసరికి కంప్యూటరు సంబరపడి మైలేజీ పెంచేస్తుంది, దాంతోపాటే రేంజీని కూడా. ఆ అంకెను నమ్మి తిరుపతిలో పోయించకుండా చెన్నై దారి పట్టారో... చదునైన రోడ్డెక్కగానే అది మళ్లీ దిగడం మొదలెడుతుంది.

ఇక్కడే ఇంకోమాట. దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు కలిసొస్తుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. న్యూట్రల్‌లో ఇంజిను ఆగకుండా ఉండటానికి కొంత పెట్రోలు తాగుతూనే ఉంటుంది. గేరులో దిగితే అదీ ఉండదు. పైగా న్యూట్రల్‌లో బండిని పట్టి ఉంచే ఇంజిను బలం పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తప్పుతుంది. ఇక ఏకంగా ఇంజినే ఆపేసేవాళ్లకు బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. పది రూపాయల ఆదా కోసం ప్రాణాలతో బేరం!

మీ లెక్క మీదే

మరి దేన్ని నమ్మాలి? దీనికి పాతకాలపు డ్రైవర్ల పద్ధతిని మించింది లేదు. ట్యాంకు ఫుల్ చేయించండి. గన్ను దానంతటదే 'టక్'మని ఆగిన చోట ఆపించండి. చిల్లర సరిపెట్టడానికి ఇంకాస్త పోయమనొద్దు. ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చి మామూలుగా తిరగండి. మళ్లీ పోయించేటప్పుడు అదే పద్ధతిలో ఫుల్ చేయించండి. మీటరు 420 కిలోమీటర్లు చూపిస్తూ, ఈసారి 30 లీటర్లు పట్టిందనుకోండి. 420ని 30తో భాగిస్తే 14. అదీ మీ కారు అసలు మైలేజీ. వరుసగా మూడుసార్లు చేసి, సగటు తీసి డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ పక్కన పెట్టండి. అది ఎప్పుడూ ఒకటి ఎక్కువ చెబుతోందా, రెండా అన్నది తేలిపోతుంది. అంతమేర తగ్గించి చదువుకుంటే సరి. పోసిన పెట్రోలు మీదే అనుమానమా? బంకులో 5 లీటర్ల కొలతపాత్ర ఉంటుంది. దాంతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది.

కొనేటప్పుడు ప్రకటనలో చదివిన మైలేజీతో మాత్రం పోల్చుకోకండి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు కారును ల్యాబులో రోలర్ల మీద నడిపి ధ్రువీకరించిన అంకె అది. ఆ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. గుంతలు, గేదెలు, పెళ్లి ఊరేగింపులు అక్కడ ఉండవు. కార్ల మధ్య పోలికకు ఆ అంకె పనికొస్తుంది, మన ప్రయాణం లెక్కకు కాదు.

ఇంధనం తీరూ మారింది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లో దేశం చేరుకుంది. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్లో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడోవంతు తక్కువ. పూర్తి పెట్రోలుకు తయారుచేసి, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6-7 శాతం, 10 శాతానికి తయారై 20కి సర్దిన వాటిలో 1-2 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. అంటే లీటరుకు 15 ఇచ్చే పాత కారు 14కి దిగితే దాన్ని వెంటనే రోగం అనుకోనక్కర్లేదు.

కానీ ఏ మార్పూ లేకుండా, అదే దారిలో, అదే మనిషి నడుపుతుంటే 14 కాస్తా 11కి పడిందనుకోండి. అప్పుడు మాత్రం కారు ఏదో చెబుతోందన్నమాటే. టైర్లలో గాలి తగ్గి ఉండొచ్చు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. బ్రేకు వదలకుండా పట్టేసి ఉండొచ్చు. కాసేపు నడిపి ఆపాక ఒక్క చక్రం దగ్గరే వేడి ఎక్కువగా తగులుతుంటే ఆ అనుమానం బలపడినట్టే. మనిషికి నాడి ఎలాగో కారుకు మైలేజీ అలాగ. దాన్ని చూడటానికి మెకానిక్ అక్కర్లేదు, చిన్న పుస్తకం, ఓ పెన్ను చాలు.

ఆదివారం పది నిమిషాలు

కారు తుడవడానికి అరగంట పెట్టేవాళ్లు బానెట్ ఎత్తడానికి మాత్రం జంకుతారు. నిజానికి అక్కడ చూడాల్సినవి నాలుగే.

మొదటిది ఇంజిను ఆయిలు. చదునైన చోట ఆపి, ఇంజిను ఆపేసిన కొన్ని నిమిషాలకు డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా దించి తీసి చూడాలి. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉంటే క్షేమం. తక్కువైతే ప్రమాదం, ఎక్కువైనా మంచిది కాదు. రెండోది కూలెంట్. పారదర్శకంగా ఉండే డబ్బా మీది కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. ఇంజిను వేడిగా ఉన్నప్పుడు మూత తీయబోతే మొహం కాలడం ఖాయం. మూడోది బ్రేకు ఆయిలు. దాని డబ్బాకూ గీతలుంటాయి. నాలుగోది బ్యాటరీ. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుందేమో గమనించాలి.

తర్వాత టైర్లు. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. టైరు మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి, మన కారుకు కావాల్సింది కాదు. బండి తిరిగి వేడెక్కక ముందే చూపించుకోవాలి. స్టెప్నీని మరవొద్దు. అవసరమైన రోజున డిక్కీలోంచి తీస్తే అందులోనూ గాలి లేకపోతే అంతే సంగతులు!

డ్యాష్‌బోర్డు దీపాలకూ ఓ భాష ఉంది. ఎరుపు వెలిగితే జాగ్రత్తగా పక్కకు తీసి ఆపాలి. ముఖ్యంగా ఆయిలు డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగాక 'షెడ్డు దగ్గరేలే' అని నడిపితే ఇంజినే పట్టేయొచ్చు. పసుపు వెలిగితే త్వరలో చూపించుకోవాలి. ఆకుపచ్చ, నీలం కేవలం సమాచారం. పెట్రోలు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు గమనించారా? ట్యాంకు మూత ఏ వైపుందో చెప్పేది అదే. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన జిమ్ మోయ్‌లన్ 1986లో మూత ఏ పక్కనో తెలియక వానలో తడిసి, ఆ ఆలోచనను కంపెనీకి రాసిచ్చారు. 1989 మోడల్ కార్లతో అది రోడ్డెక్కింది. బంకులో కారును అటూ ఇటూ తిప్పే తిప్పలు తప్పాయి.

ఇవన్నీ తెలిస్తే సర్వీసు సెంటర్లో మాట తీరే మారిపోతుంది. 'అన్నీ చూడండి' అనే బదులు 'మైలేజీ నెలలో 14 నుంచి 11కి పడింది, ఎడమవైపు ముందు చక్రం వేడెక్కుతోంది' అని చెప్పగలుగుతాం. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని అడగ్గలుగుతాం. పాత విడిభాగం చూపించమనగలుగుతాం. బిల్లు చదవడం వచ్చినవాళ్లకు అనవసరమైన పద్దులు అంటగట్టడం కష్టం.

పావుకు తగ్గనివ్వొద్దు

రిజర్వు దీపం వెలిగాక ఎన్ని కిలోమీటర్లు పోతుందోనని పందెం కాసేవాళ్లుంటారు. ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగున నడిపితే అది వేడెక్కి త్వరగా పాడవుతుంది. డీజిలు బండి పూర్తిగా ఎండిపోతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. తర్వాత డీజిలు పోసినా ఆ గాలి తీసేదాకా చాలా బండ్లు స్టార్టు కావు.

అందుకే ముల్లు పావు దగ్గరికి రాగానే పోయించడం మంచి అలవాటు. శ్రీశైలం వెళ్లేవాళ్లయితే ఇంకా ముందే జాగ్రత్తపడాలి. మన్ననూరు దాటాక అంతా నల్లమల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. చాలాచోట్ల ఫోను పలకదు. అక్కడ బండి ఆగితే డ్యాష్‌బోర్డు మీద ఎంత అంకె చూపించినా లాభం లేదు.

అంతదూరం కూడా అక్కర్లేదు. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఆయాసం వచ్చి ఆస్పత్రికి బయల్దేరితే వీధి చివరి బంకు మూసి ఉండొచ్చు. ఆ వేళ బండి తీసేది మీరే కానక్కర్లేదు. ఇంట్లో అమ్మాయో, ఆవిడో తీయొచ్చు. అందుకే డిప్‌స్టిక్ చూడటం, దీపాల రంగులు, మైలేజీ పుస్తకం ఇంట్లో స్టీరింగు పట్టే ప్రతివారికీ నేర్పండి. ఈ ఆదివారమే బానెట్ ఎత్తి మొదలెట్టొచ్చు.