పట్నం ప్రక్కన చదువుల ఊరు

"కళాశాలలు ఉన్న ఊరు, పిల్లల చదువుకు చింత లేదు. రైలు ఎక్కితే పట్నం, ఉద్యోగానికీ చింత లేదు. అక్కడ ఒక చిన్న ఇల్లు కొనుక్కోవచ్చునా?" అని అడిగేవారు కొందరు. "ముప్పయి యేండ్లుగా ఉన్న ఊరే గాని ఇప్పుడు గుర్తు పట్టలేకుండా ఉన్నాము. ఇల్లు అమ్మివేసి చెంగల్పట్టు అవతలకు పోదామా?" అని అడిగేవారు మరికొందరు. మన సంఘసభ్యులలో ఈ రెండు రకాలవారూ ఉన్నారు. విచిత్రమేమంటే ఇద్దరూ అడిగేది ఒకే ఊరిని గురించి. ఆ ఊరు తాంబరం.

కావున ఈ నెల ఆ సంగతే ముచ్చటిద్దామనుకున్నాము. బెంగుళూరు ప్రక్కన, పుణె ప్రక్కన, భువనేశ్వరం ప్రక్కన ఉన్న సభ్యులు ఇది మదరాసువారి గొడవ అని పేజీ త్రిప్పవద్దని మనవి. ఊరి పేరు మార్చుకుంటే చాలావరకు మీ కథ కూడా ఇదే.

ముందు తాంబరం చదువుల ఊరు ఎట్లా అయినదో చూడాలి. మదరాసు క్రిస్టియన్ కళాశాల 1837లో చిన్న పాఠశాలగా పుట్టినది. నూరేండ్లపాటు దాని ఉనికి జార్జిటౌనులోనే. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చదువుకున్నది ఆ జార్జిటౌను రోజులలోనే. తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టి అక్కడ తత్త్వశాస్త్రం చదివిన ఆ పిల్లవాడు తరువాత రాష్ట్రపతి అయినాడు. పట్నంలో చోటు చాలక, విద్యార్థులు అధ్యాపకులు ఒకేచోట నివసించే కళాశాల కావాలన్న కోరికతో, 1937లో కళాశాలను తాంబరానికి మార్చినారు. అప్పుడు అది సేలయూరు అడవి. సుమారు 365 ఎకరాల పొదల నేల. అంతకు కొంచెం ముందు, 1928లో, గాలి మంచిదని క్షయరోగులకు అక్కడ శానిటోరియం కట్టినారు. నేటికీ రైలు స్టేషను పేరు శానిటోరియమే. 1931లో బీచి స్టేషను నుంచి తాంబరం దాకా కరెంటు రైలు వచ్చినది.

ఈ మూడూ కలిసి ఊరిని తయారు చేసినవి. మంచి గాలి, మంచి చదువు, పట్నానికి పోయి రావడానికి ఒక రైలు. పట్నం రద్దీ పడలేక కళాశాల అడవికి వచ్చినది. ఆ కళాశాల వెంట, ఆ రైలు వెంట, పట్నమూ నడిచి వచ్చినది. ఎవరి నుంచి తప్పించుకుని వచ్చినామో వారే వెనుక వచ్చి ప్రక్క ఇంట్లో దిగినట్లు అయినది.

ఆ తరువాతి సంగతులు సభ్యులలో చాలామందికి కంటి ముందు జరిగినవే. 1984లో శానిటోరియం దగ్గర ఎగుమతి వస్తువుల తయారీ మండలం వచ్చినది. జంతుప్రదర్శనశాల పట్నం వదలి 1985లో వండలూరు చేరినది. ఆ కాలంలోనే వండలూరు, పొత్తేరి వైపు ఇంజనీరింగు కళాశాలలు లేచినవి. 2004లో మీటరు గేజి బండ్లు సెలవు తీసుకున్నవి. 2021లో తాంబరం, పల్లావరం, పమ్మల్ మొదలైన అయిదు పురపాలక సంఘాలను, చిట్లపాక్కం, పెరుంగళత్తూరు మొదలైన అయిదు పట్టణ పంచాయతీలను కలిపి తాంబరం కార్పొరేషను చేసినారు. 2011 లెక్కల ప్రకారమే ఈ పదింటి జనాభా 7 లక్షలు దాటినది. దక్షిణాది జిల్లాల బస్సులకు 2023 డిసెంబరు 30వ తేదీన కిలాంబాక్కంలో పెద్ద నిలయం తెరిచినారు. హైదరాబాదు పోయే చార్మినార్ ఎక్స్‌ప్రెస్సు ఇప్పుడు తాంబరం నుంచే బయలుదేరుతున్నది. సెంట్రల్ దాకా పెట్టె మోసుకుపోయే బాధ తప్పినందుకు అటు వైపు తెలుగువారు సంతోషించవలసినదే.

ఇంత మార్పు వాంఛనీయమా, కాదా?

మా ఉద్దేశంలో మార్పు రావడం ఒక్కటే చూసి మంచి అనో చెడు అనో తీర్పు చెప్పడం సరికాదు. వెనుకటి తాంబరంలో నిశ్శబ్దం ఉండేది, నిజమే. కాని కొంచెం పెద్ద జబ్బు చేస్తే జనరల్ ఆసుపత్రికి పరుగెత్తవలసినది. ఆడపిల్ల పై చదువు చదవాలంటే రోజూ రైలులో పోయి రావడానికి తల్లి ఒప్పుకోవాలి, తండ్రి ఒప్పుకోవాలి, చివరకు నాయనమ్మ ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ పిల్ల ఇంటి నుంచి సైకిలు మీద కళాశాలకు పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాగలుగుతున్నది. మనవంటి గుమాస్తా సంసారాలకు ఇది చిన్న లాభం కాదు. హాస్టలు ఖర్చు లేకుండా డిగ్రీ చేతికి వచ్చిన ఇండ్లు మన సంఘంలోనే ఎన్నో ఉన్నవి. పాత రోజులను పొగడేవారు ఈ పద్దు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక ఖర్చు పద్దు. అందులో అన్నిటికన్నా పెద్దది నీరు.

తాంబరం చుట్టుప్రక్కల ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోతే చెరువుల పేర్లు చెప్పుకున్నట్లే. సేలయూరు, రాజకీళ్‌పాక్కం, చిట్లపాక్కం, సెంబాక్కం, మాడంబాక్కం, పెరుంగళత్తూరు, ఇరుంబులియూరు. పూర్వులు ఊరికొక చెరువు ఊరకే త్రవ్వలేదు. తూర్పున ఒక చెరువు నిండితే మిగులు నీరు క్రింది చెరువులోకి దిగి, చివరకు పళ్ళికరణై చిత్తడినేలకు చేరాలి. పడమట పడిన నీరు అడయారు నదిలో కలవాలి. ఆ దారిలో ఇండ్లు లేచినవి. చెరువు ఎండిన యేడు అది చెరువని ఎవరికీ తోచదు. గజం ధర తక్కువగా కనబడుతుంది, అంతే.

2015 డిసెంబరులో అది చెరువని అందరికీ తోచినది. డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన ఒక్క రోజులో తాంబరంలో సుమారు 49 సెంటీమీటర్ల వాన కురిసినది. ముడిచ్చూరు, పడమటి తాంబరం వీధులలో పడవలు తిరిగినవి. మన సభ్యులలో కొందరు మిద్దె మీద రెండు రాత్రులు గడిపినారు. మరి నాలుగేండ్లకే, 2019 వేసవిలో, మదరాసుకు నీరిచ్చే పెద్ద చెరువులు ఎండిపోయి బిందె నీటికోసం లారీ వెనుక నిలబడవలసి వచ్చినది. ఒకే ఊరు, అవే ఇండ్లు. వాన యేట మునక, వాన లేని యేట దాహం. చెరువును చెరిపివేసినందుకు ఈ రెండు శిక్షలూ కలిపి పడినవి.

దీనికి సర్కారువారిని, స్థలాల వ్యాపారులను తిట్టి ఊరుకుంటే సులువే. కాని ఆ స్థలాలను కొన్నది ఎవరు? చౌకగా వస్తున్నదని మనవంటి చిన్న సంసారాలవారే గదా. కావున ఇల్లు కొనదలచిన సభ్యులకు, రోజూ కాగితాలతో కాలక్షేపం చేసే గుమాస్తాలుగా మేము చెప్పేది ఇది. వంటిల్లు తూర్పుకు ఉన్నదా అని చూచే ముందు సర్వే నంబరు అడగండి. ఆ నంబరు పాత గ్రామపటంలో చెరువా, కాలువా, పోరంబోకా అని చూడండి. పట్టా ఎవరి పేర ఉన్నదో, లేఅవుటుకు అనుమతి ఉన్నదో లేదో చూడండి. ఈ.సి. ఒక్కటి తెచ్చి చూపితే చాలదు. అది తాకట్టు, అమ్మకాల సంగతి చెబుతుంది గాని నీటి సంగతి చెప్పదు. నీటి సంగతి చెప్పేది ఆ వీధి చివర ముప్పయి యేండ్లుగా ఉన్న ఇల్లాలు. "అమ్మా, 2015లో మీ ఇంట్లో నీళ్ళు ఎంతవరకు వచ్చినవి?" అని అడిగితే ఆమె గోడ మీద చేయి పెట్టి చూపుతుంది. అంతకన్న మంచి దస్తావేజు లేదు.

రెండవ ఖర్చు అద్దె. కళాశాలలు పెరిగితే విద్యార్థులు పెరుగుతారు. ఒక గదిలో నలుగురు విద్యార్థులు తలా కొంత ఇచ్చేటప్పుడు, ఒక్క జీతం మీద బ్రతికే సంసారికి ఆ గది దొరకదు. మన ఇంటివారే రెండు వాటాలు కూలగొట్టి ఆరు గదులు కట్టి, తరతరాలుగా అద్దెకు ఉన్నవారిని పొమ్మంటున్నారు. లాభం వద్దని ఎవరినీ అనలేము. కాని వీధిలో సంసారాలు తగ్గి, జూన్ నెలలో వచ్చి ఏప్రిల్‌లో పోయేవారే మిగిలితే, మురుగుకాలువ పూడినదని అర్జీ పెట్టేవారు ఉండరు. పై వాటా విద్యార్థులకు, క్రింది వాటా సంసారానికి ఇచ్చే ఇంటివారు ఇంకా ఉన్నారు. వారికి లాభం కొంచెం తక్కువ, మనశ్శాంతి కొంచెం ఎక్కువ.

విద్యార్థుల వల్ల మనకు ఎదురు చూడని లాభం ఒకటి ఉన్నది. అది మన భాష. ఆంధ్ర, తెలంగాణాల నుంచి పొత్తేరి వైపు కళాశాలలకు వచ్చే పిల్లలు ఎందరో. బజారులో తెలుగు వినబడుతున్నది. ఆ మధ్య ఒక ఇంటి అరుగు మీద మాకు వినవచ్చిన సంభాషణ ఇది.

"మీ తెలుగు మా తాతగారి మాటలాగా ఉందండీ పిన్నిగారూ" అన్నాడు గుంటూరు కుర్రవాడు.

"మీ మాటలో సగం ఇంగ్లీషే కదా నాయనా. ఆ మిగిలిన సగమైనా మా మనమరాలికి నేర్పకూడదూ?" అన్నది ఆ ఇల్లాలు.

ఆమె నవ్వుతూనే అన్నది గాని అందులో ఒక దిగులు ఉన్నది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి దాకా క్రమంగా తమిళం తప్పనిసరి అయినది. అల్పసంఖ్యాక భాషలవారు కోర్టులకు కూడా పోవలసి వచ్చినది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, అది నేర్వడానికి మనకు అభ్యంతరం ఎన్నడూ లేదు. తెలుగు అక్షరాలు మన పిల్లల చేతినుంచి జారిపోతున్నవే అన్నదే బాధ. ఇంటిలో మాట్లాడగలరు, తాతగారి ఉత్తరం చదవలేరు. ఇటువంటప్పుడు అక్షరాలు వచ్చిన వందలాది పిల్లలు నాలుగేండ్లపాటు మన వీధిలో కాపురం ఉంటున్నారు. వారికి ఆదివారం ఇంటి భోజనం లేదు. మన పిల్లలకు ఆదివారం తెలుగు పాఠం లేదు. ఈ రెండు లోట్లను కలిపితే రెండూ తీరుతవి గదా. మన సంఘం గదిలో ఆదివారం రెండు గంటలు తరగతి పెట్టి, పాఠం చెప్పిన కుర్రవాడిని వంతులవారీగా ఒక్కొక్క ఇంటికి భోజనానికి పిలవవచ్చును. దీనికి చందా కూడా అక్కర లేదు, నాలుగు గరిటెల పప్పు ఎక్కువ వండితే చాలును.

చివరిగా ఒక్క మాట. తాంబరంలో ఇంత మార్పు జరిగినా మారకుండా నిలిచినది ఏది? 1937లో వచ్చిన ఆ కళాశాల ఆవరణమే. బయట అంగుళం నేల వదలకుండా కట్టినారు. లోపల పొదల అడవి ఉన్నది, చెరువు ఉన్నది, చుక్కల దుప్పులు ఉన్నవి. కొత్తగా వచ్చినవారు తమకు కావలసినంత కట్టుకుని, మిగిలిన నేలను నేలగా వదిలిపెట్టినారు. ఆ వాననీరు ఈనాటికీ అక్కడ భూమిలోకి దిగుతున్నది.

మార్పు వాంఛనీయమా అన్న ప్రశ్నకు మేము ఇచ్చే జవాబు ఆ ఆవరణంలోనే ఉన్నది. తరువాత వచ్చేవారికి నీరు, నీడ, నిలువ చోటు మిగిల్చే మార్పు ఎంత వచ్చినా మంచిదే. వచ్చినవాడే ఆఖరివాడన్నట్లు అంతా తనదిగా కట్టివేసుకునే మార్పు కొంచెమైనా చెరుపే. ఇల్లు అమ్మి పోదామా అని అడిగిన పెద్దలకు మా సలహా, పోవద్దు. మీరు పోతే ఆ వీధిలో 2015 నీటిమట్టం ఎంతో చెప్పగలవారు ఉండరు. కొందామా అని అడిగినవారికి, తప్పక కొనండి, గట్టు మీద కొనండి.

ఆదివారం తెలుగు తరగతికి పిల్లలను పంపదలచినవారు, భోజనం వంతు తీసుకోదలచిన ఇల్లాండ్రు, తమ పేర్లు సంఘ కార్యదర్శిగారికి ఒక కార్డు ముక్క మీద వ్రాసి పంపగోరుతున్నాము. ఎన్ని కార్డులు వచ్చినవో వచ్చే నెల ఈ పేజీలోనే తెలియజేస్తాము.