సెలవుల్లో దారి బాగుచేసేవారు



అమెరికాలో అప్పలాచియన్ ట్రైల్ అనే కాలిబాట ఉంది. జార్జియా నుండి మెయిన్ వరకు, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు. 1937లో పూర్తయిన ఆ బాటను నేటికీ ఎక్కువగా కాపాడుతున్నది జీతం లేని వాలంటీర్లే. కొందరు తమ సెలవులు పెట్టుకుని వెళ్లి, గుడారాల్లో ఉండి, పడిన చెట్లు కోస్తారు, పొదలు నరుకుతారు. వాననీరు బాటను కోసేయకుండా అడ్డంగా రాళ్లో దుంగలో పాతి పక్కకు మళ్లిస్తారు. తర్వాత నడిచేవారికి వీరి పేర్లు తెలియవు.

ఇది దేవుని పని ఎలా అవుతుంది పాస్టరు గారూ అంటారేమో. యెషయా 62:10 తెరిచి చూడండి. జనుల కోసం రాళ్లు ఏరివేసి త్రోవ సిద్ధం చేయమనే మాట అక్కడుంది.

మొన్న మన సమాధుల తోటకు పెట్టె మోసినవారి కాళ్లకు కంపముళ్లు గీసుకుని రక్తం కారింది. నేను ప్రార్థన ముగించి ఇంటికొచ్చేశాను. పంచాయతీవాళ్లు చూసుకుంటారులే అనుకున్నాను. అది నా తప్పు.

సెలవంటే విశ్రాంతే, కాదనను. కానీ వచ్చే శనివారం పొద్దున్నే ఆరింటికి కొడవలితో అక్కడుంటాను. పట్నం నుండి సెలవులకొచ్చిన పిల్లలూ, మీరూ రండి. రాలేని పెద్దలు మాకోసం ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.