లారీ డ్రైవర్లును సెల్‌ఫోనును

పంట పండించుటతో రైతు పని ముగియదు. పండినది చెడకముందే బజారు చేరినప్పుడే కష్టమునకు ఫలము. అనంతపురపు బత్తాయి ఢిల్లీకి పోవలెనన్నను, కొల్లేటి ప్రాంతపు చేపలు మంచు నడుమ హౌరాకు చేరవలెనన్నను, మదనపల్లె టమాటా పొరుగు రాష్ట్రములకు అందవలెనన్నను, లారీ డ్రైవరు రాత్రింబవళ్లు స్టీరింగు పట్టవలసినదే. అట్టివాని క్షేమము మన క్షేమముతో ముడివడియున్నదని రైతు సోదరులు గుర్తింపవలయును.

నేడు లారీ యజమానుల నోట తరచుగా వినవచ్చుచున్న మాట యొక్కటి: బండి కలదు, నడపువాడు లేడు. అనుభవజ్ఞులు పని మానుకొనుచున్నారు. తమ కుమారులను ఈ వృత్తిలో ప్రవేశపెట్టుటకు ఇష్టపడుటలేదు. లారీ దొరకని దినమున కోసిన పండు తోటలోనే మెత్తబడును. ధర చెప్పు అధికారము దళారి చేతికి పోవును. కావున డ్రైవర్ల కొరత లారీ యజమానికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఆ కొరతకు కారణములు రహస్యములు కావు. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని యని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టము నిర్ణయించెను. ఆ నియమము రోడ్డుమీదికంటె కాగితముమీదనే యెక్కువగా నిలిచినది. డ్రైవరు వారముల తరబడి యిల్లు చూడడు. లోడు ఎక్కించు చోట పగలంతయు, దింపు చోట రాత్రియంతయు వేచియుండును. చాలచోట్ల అతని సంపాదన ట్రిప్పులనుబట్టియే యుండుటచే, ఆ వేచియున్న కాలమునకు పైకము రాదు. బత్తా లెక్క తేలుటకు మరల యజమాని చుట్టు తిరుగవలెను. కొత్తగా తయారగు మధ్యరకపు, భారీ లారీల క్యాబినులకు ఏసీ యుండవలెనను నిబంధన మెచ్చదగినదే. కాని చల్లనిగాలి మాత్రమే మనిషిని ఉద్యోగములో నిలుపజాలదు.

ఈ సందర్భమున సెల్‌ఫోను సంగతి విచారింపదగియున్నది. ఇప్పటికే అది లారీ వృత్తిలో ప్రవేశించినది. 2021 ఫిబ్రవరి నుండి టోల్‌గేట్లవద్ద ఫాస్టాగ్ తప్పనిసరి యయ్యెను. దాని సొమ్ము ఫోనుద్వారా నింపవచ్చును. లైసెన్సు, ఆర్‌సీ మొదలగు పత్రములను డిజిలాకర్‌లో చూపిన చాలును. ఇవి మంచి సౌకర్యములే. అయితే యజమానులును సరకు పంపువారును ఫోనును ముఖ్యముగా దేనికి వాడుచున్నారు? బండి ఎక్కడ నున్నది, ఎందుకు ఆగినది, ఎంతసేపు ఆగినది యని అడుగుటకు. ఫోను డ్రైవరుకు కావలివాడైనదిగాని తోడు కాలేదు. ఒక్కవైపే చూచు కన్ను ఎవరిని నిలుపును?

ఇంకొక విధముగా వాడవచ్చునని చూపిన ఉదాహరణము కలదు. 2014లో స్థాపింపబడిన రివిగో యను సంస్థ, దూరప్రయాణమును ముక్కలుగా విభజించి, ఒక డ్రైవరు కొన్ని గంటలు నడిపిన పిమ్మట మరియొకనికి బండి అప్పగించి, తాను వేరొక బండితో వెనుకకు మరలి యింటికి చేరు పద్ధతిని నడిపెను. ఏ బండి ఎప్పుడు ఏ మజిలీకి వచ్చునో ముందుగా లెక్క తెలియనిదే ఇట్టి ఏర్పాటు సాగదు; ఆ లెక్కకు సాంకేతిక సాధనములే ఆధారము. ఆ సంస్థ తన యెక్స్‌ప్రెస్ రవాణా వ్యాపారమును 2022లో మహీంద్రా లాజిస్టిక్స్‌వారికి విక్రయించెను. కావున ఆ పద్ధతి సర్వరోగనివారిణి యని మేము చెప్పము. చిన్న సంఘములకు అది సాధ్యమును కాదు. అందలి నీతి మాత్రము గ్రాహ్యము: డ్రైవరుకు ఇల్లు చేరు గడియ ముందుగా తెలియవలెను.

సహకార సంఘములు చేయదగిన పనులు నాలుగు కలవు. మొదటిది, లోడింగునకు గంట నిర్ణయించి ముందుదినమే డ్రైవరు ఫోనుకు తెలుపుట. కోత ఆలస్యమైనచో, హమాలీలు దొరకనిచో, ఆ సంగతియు వెంటనే తెలుపవలెను. అతడు రోడ్డు ప్రక్కన నిద్రయైనను పోగలడు. చదువరాని వారికి మాటనే రికార్డు చేసి, తెలుగులోనో హిందీలోనో పంపవచ్చును. రెండవది, బండి యార్డులోనికి వచ్చిన వేళ, వెడలిన వేళ ఇరువురి ఫోనులలోను నమోదుచేసి, నిర్ణీతకాలము మించిన ప్రతి గంటకును వెయిటింగు చార్జీ నిచ్చుట. అందు డ్రైవరు భాగము అతనికే చేరునట్లు యజమానితో ముందుగానే ఒడంబడిక చేసికొనవలెను. మూడవది, సరకు దిగిన రసీదు ఫొటో అందినంతనే కిరాయి బాకీని యూపీఐ ద్వారా యజమానికిని, బత్తాను నేరుగా డ్రైవరుకును పంపుట. నాలుగవది, తిరుగు లోడు. మన పంట దింపిన ఊరినుండి ఇటు రావలసిన సరకు వివరములు సంఘములు ఒకరికొకరు ఫోనులో తెలుపుకొన్నచో, డ్రైవరు పరాయి ఊరిలో దినములకొలది పడిగాపులు పడనక్కరలేదు.

రెండు హద్దులు మాత్రము తప్పక యుండవలెను. నడుచుచున్న బండిలోని వానికి ఫోను చేయరాదు. చేత ఫోను పట్టి నడుపుటను 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము అపాయకరమైన నడకగా లెక్కించుచున్నది. మన తొందర అతని ప్రాణముమీదికి రారాదు. మరియు సరకు దిగిన తోడనే మన నిఘాయు ముగియవలెను. అతని విశ్రాంతి వేళ అతనిదే.

డ్రైవరు యజమాని పనివాడు, అతని బాగోగులు మనకేల యని కొందరు సభ్యులు అనవచ్చును. వెయిటింగు చార్జీ అదనపు భారమనియు అనవచ్చును. కాని ఒకటి రెండు లారీలుగల చిన్న యజమాని, డ్రైవరు వల్లకాదన్న యార్డుకు బండి పంపజాలడు. ఏ ఊరిలో మర్యాదగా చూతురో, ఏ ఊరిలో రెండు రాత్రులు నిలువబెట్టుదురో ఢాబాలవద్ద డ్రైవర్లు చెప్పుకొనుచునే యుందురు. సీజను ముమ్మరమున బండ్లు కొరవడినప్పుడు ఆ పేరే మనకు పెట్టుబడి. ఒక్క లోడు చెడిన నష్టముముందు గంటల చార్జీ యెంత?

సహకారమనగా సభ్యుల నడుమ సహాయము మాత్రమే కాదు. మన పంటను మోయు చేతులతోడి న్యాయమును అందు చేరియున్నది. ఫోను కొత్తది కావచ్చును. చెప్పిన వేళకు పని చేయుట, చేసినవానికి ఆ పూటనే కూలి యిచ్చుట పాత ధర్మములే. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ నాలుగు విషయములను చర్చకు పెట్టి, కోతల కాలమునకు ముందే ఒక నిర్ణయమునకు రావలసినదిగా సభ్యులను కోరుచున్నాము.