24 రంగుల డబ్బా

పోయిన రంజాన్ ఈద్‌కి మా చిన్నమ్మాయికి అక్రిలిక్ రంగుల డబ్బా ఒకటి కొనిచ్చాను. 24 రంగులు, 6 బ్రష్షులు, ఒక ప్లాస్టిక్ ప్యాలెట్, రెండు చిన్న కాన్వాసు అట్టలు, అన్నీ కలిపి ఒక్కటే ధర. ఇంత సస్తాగా ఇన్ని వచ్చాయని నేనే ఎక్కువ ఖుషీ అయ్యాను.

తను వాళ్ల దాదీకి తోఫాగా ఇద్దామని అట్టంతా నలుపు పూసి, దాని మీద తెల్లగా ‘యా లతీఫ్’ రాయబోయింది. మూడు పూతలు వేసినా తెలుపు తెల్లగా రాలేదు, బూడిద పూసినట్టు మిగిలింది. బ్రష్షు వెంట్రుకలు ఊడి అక్షరాల్లో అతుక్కున్నాయి. "నా చేతిలో హునర్ లేదు అబ్బా" అంది. అల్లాహ్ పేరున్న అట్టని చెత్తలో వేయలేం కదా, డబ్బాతో సహా అల్మారా పైకి ఎక్కించేసింది. ఆర్నెల్లు మళ్లీ దాని జోలికి పోలేదు. నిజంగానే రాదేమోలే అని నేనూ అనుకున్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాత ఒక షాదీ కార్డు పని మీద ఛత్తా బజార్ వెళ్లాను. అక్కడ ఒక ముసలి ఖుష్‌నవీస్ సాబ్ ఉన్నారు. ఒకప్పుడు కార్డులూ దుకాణాల బోర్డులూ చేత్తో రాసినాయన. కంప్యూటర్ ఫాంట్లూ ఫ్లెక్సీలూ వచ్చాక ఆయన రోజీ సగం పోయింది. ఫోన్‌లో ఆ అట్ట ఫొటో చూపించాను. కళ్లద్దాలు పైకి జరుపుకుని ‘లామ్’ నిలువునీ ‘ఫే’ కడుపునీ చాలాసేపు చూశారు. "హాథ్ ఠీక్ హై మియా, సామాన్ ఖరాబ్ హై" అన్నారు.

మన ఇళ్లలో పిల్లల శౌక్‌కి ఖర్చు పెట్టేటప్పుడు సంఖ్య చూస్తాం, సరుకు చూడం. 24 రంగులంటే బర్కత్ అనుకుంటాం. నన్నడిగితే అదే అసలు ఇస్రాఫ్. అక్రిలిక్ అంటే రంగు పొడిని ఒక రకం ప్లాస్టిక్ జిగురు నీటిలో కలిపిన ముద్ద. నీరు ఆరిపోగానే ఆ జిగురు పొరలా గట్టిపడుతుంది, మళ్లీ నీటికి కరగదు. చవక డబ్బాల్లో ఈ రంగు పొడి తక్కువ, సుద్దలాంటి నింపుడు సరుకు ఎక్కువ. అలాంటి తెలుపు కింది నలుపుని కప్పలేదు. తప్పు పిల్లది అనుకుంటాం.

అదే డబ్బుతో 6 మంచి ట్యూబులు కొనండి. టైటానియం వైట్ (ఇది పెద్దది తీసుకోండి, ముందు అయిపోయేది ఇదే), ఒక పసుపు, ఒక ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ అంబర్, నలుపు. స్టూడెంట్ గ్రేడ్ చాలు, ఆర్టిస్ట్ గ్రేడ్ కోసం అప్పు చేయనక్కర్లేదు. మంచి ట్యూబుల మీద చాలావాటికి ఒక చిన్న చదరం గుర్తు ఉంటుంది. అది నిండుగా ఉంటే రంగు కింది పూతని కప్పుతుంది, ఖాళీగా ఉంటే కింది రంగు కనిపిస్తుంది. పసుపు చాలావరకు పల్చని రంగే. నలుపు మీద నేరుగా వేస్తే ఆకుపచ్చగా కొడుతుంది. ముందు తెలుపుతో రాసి, ఆరాక పసుపు వేయాలి. బంగారు రంగుకీ కింద ఓకర్ పూత ఒకటి వేస్తే నిండుగా వస్తుంది. ఇప్పటి గోల్డ్ అక్రిలిక్‌లలో చాలావాటి మెరుపు అభ్రకం పలుకులదే. మాది నెల్లూరు, గూడూరు అభ్రకం గనుల పేరు వింటూ పెరిగినవాణ్ణి. తుగ్రా మెరుస్తుంటే నాకు ముందు మా ఊరే గుర్తొస్తుంది.

బ్రష్షుల సంగతి మన వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయిల్ పెయింటింగ్ కోసం అమ్మే గరుకు బ్రష్షుల మీద ‘హాగ్’ అనో ‘బ్రిసిల్’ అనో రాసి ఉంటే అది సాధారణంగా పంది వెంట్రుక. హనఫీ ఫిఖహ్ పాత కితాబుల్లో చెప్పులు కుట్టేవాళ్లకి ఆ వెంట్రుక వాడుకోవడానికి జరూరత్ కింద ఇజాజత్ ఇచ్చిన మస్‌అలా ఉంది. నైలాన్ వచ్చాక మనకి ఆ జరూరత్ ఎక్కడుంది? పైగా నీళ్ల రంగుకి ఆ వెంట్రుక నాని మెత్తబడిపోతుంది, అక్రిలిక్‌కి సింథటిక్ బ్రష్షే కుదురుతుంది. హలాల్ బేఫికర్, పనీ బాగుంటుంది. మూడు చాలు: నేపథ్యానికి అంగుళం ఫ్లాట్, అక్షరాలకి అర అంగుళం ఫ్లాట్, నుఖ్తాల అంచులు దిద్దడానికి సన్న రౌండ్. ఖత్తాతీలో కలం ఖత్ వెడల్పే కొలత. ఎన్ని నుఖ్తాల ఎత్తు, ఎన్ని నుఖ్తాల పొడుగు అని అక్షరాన్ని లెక్కపెడతారు. ఫ్లాట్ బ్రష్షుని ఒకే వాలులో పట్టుకుంటే అది కలంలాగే పనిచేస్తుంది. వాడగానే సబ్బుతో కడిగేయాలి. గ్లాసు నీళ్లలో నిలబెట్టి జుహర్ చదివొస్తే మొన వంగిపోతుంది, నీళ్లలో పెట్టకుండా వెళ్తే రాయి అవుతుంది.

ఇక రాసే తలం. కాన్వాసు చూడ్డానికి షాన్‌గా ఉంటుంది గానీ దాని నేత మీద అక్షరం అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. పూలకీ కొండలకీ అది బాగానే ఉంటుంది. ఖత్తాతీకి నా ఓటు ఎండీఎఫ్ ముక్కకే. ప్లైవుడ్ దుకాణంలో కోతల్లో మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు. దానికి రెండు పూతలు జెస్సో వేసి, ఆరాక సన్న సాండ్ పేపర్‌తో రుద్దాలి. వెనక వైపూ ఒక పూత వేయాలి, లేకపోతే బోర్డు వంగొచ్చు. జెస్సో అంటే ఏంటని ఖుష్‌నవీస్ సాబ్‌ని అడిగితే నవ్వారు. "మా చిన్నప్పుడు తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి ఎండబెట్టేవాళ్లం, అదే ఇది" అన్నారు. సబక్ రాయడానికి ముందు తఖ్తీ తయారుచేసుకోవడమే సగం తాలీమ్ అట. మేం ఉర్దూ మీడియంలో చదివేనాటికే నోటుబుక్కులొచ్చేశాయి, ఆ మట్టి వాసన మాకు దక్కలేదు. ప్రాక్టీసంతా అఖ్బారు కాగితం మీద, అదీ విడి అక్షరాలతో చేయించమన్నారు. పాక్ నామ్ ఉన్న కాగితాలు పోగుపడితే ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా ఇబ్బంది.

ఇంకో మాట, ఇది ఏ దుకాణదారూ చెప్పడు. అక్రిలిక్ ఆరితే చర్మం మీదా గోళ్ల మీదా ప్లాస్టిక్ పొరే. దాని కిందికి నీరు దిగదు. పిల్లలు వుజూకి కూర్చునే ముందు చేతులు చూడండి. గోరువెచ్చని నీళ్లూ సబ్బూ పెట్టి రుద్దితే పొరలా లేచొస్తుంది.

కొత్త సామాన్ తెచ్చిచ్చినా మా అమ్మాయి వారం రోజులు ముట్టలేదు. నేనే ఒక ఎండీఎఫ్ ముక్కకి జెస్సో పూసి, రుద్ది, బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. ఎనిమిదో రోజు రాత్రి ఇషా తర్వాత లైటు వెలుగుతూ కనిపించింది. తెలుపు ఒక్క పూతకే కప్పింది.

ఆ బోర్డు ఇప్పుడు మా అమ్మీ గదిలో ఉంది. ‘ఫే’ మీది నుఖ్తా కాస్త పక్కకి జరిగింది. మా అమ్మీకి అది కనపడదు, మా అమ్మాయికి అదొక్కటే కనపడుతుంది. వచ్చే ఇత్వార్ దించి, నలుపుతో కప్పి మళ్లీ పెడతానంటోంది.