మిస్వాక్ జిగర్‌కి చేయమంటారా?

మొన్న జుమాలో సఫ్‌లో నా పక్కనాయన జానెడు జరిగి నిలబడ్డాడు. సలాం తిప్పగానే "మిస్వాక్ చేయండి భాయ్, సున్నత్" అన్నాడు.

బీమారీ నోట్లో లేదు జనాబ్, జిగర్‌లో ఉంది. పేరు ట్రైమిథైలమిన్యూరియా. గుడ్డు, కలేజీ, సముద్రం చేప తింటే పేగుల్లో ట్రైమిథైలమీన్ పుడుతుంది. దాని వాసన తీసేసే ఎఫ్‌ఎంఓ3 ఎంజైమ్ నా ఒంట్లో సరిగా పని చేయదు. ఇక ఊపిరీ చెమటా కుళ్లిన చేప వాసనే.

వెల్లుల్లి తిని మస్జిద్‌కి రావద్దన్న హదీస్ నా మీదికి విసురుతారు. వెల్లుల్లి మానొచ్చు, జిగర్‌ని మానలేను కదా!

ఇది రావాలంటే చెడిన జీన్ తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ అందాలి. మా అమ్మీ, అబ్బా అక్కచెల్లెళ్ల బిడ్డలు. ఇప్పుడు మాట ఖాందాన్ దాటకుండా నా బేటీని మా ఆపా కొడుక్కే ఇమ్మంటున్నారు. ముందు ఇద్దరికీ జీన్ టెస్ట్ చేయిద్దామన్నాను. బేషరమ్ నేనేనట.