ఊరి మైదానము – క్రీడాశిక్షణ కేంద్రము

నెల్లూరి సముద్రతీరమున, మైపాడు, కోడూరు ఇసుకతిన్నెలపై సాయంకాలము చెడుగుడు ఆడు పిల్లలకు టిక్కెట్టుతో పని లేదు. ఎవరి పిల్లలని అడుగువారు లేరు. పట్టణములో ఎ.సి. సుబ్బారెడ్డి స్టేడియము, వి.ఆర్. కళాశాల మైదానము అను మాటలు నెల్లూరివారికి ఉత్త స్థలముల పేర్లు కావు; తరముల తరబడి అక్కడ పరుగెత్తినవారి, పడి లేచినవారి జ్ఞాపకములు. ఇట్టి జాగాలు ఏ ఊరికైనను ఆస్తి. ఆ ఆస్తికి యజమాని ఎవరను ప్రశ్న మామూలు దినములలో పుట్టదు. ఎవరో ధనవంతుడు వచ్చి, "ఇచ్చట నా ఖర్చుతో క్రీడాశిక్షణ కేంద్రము కట్టెదను, జాగా మాత్రము ఇప్పింపుడు" అనినప్పుడు పుట్టును.

అట్టి ప్రతిపాదనలకు ఇది అనుకూలమైన కాలము. 2030 కామన్వెల్తు క్రీడలు అహమదాబాదు నగరమునకు దక్కినవి. 2036 ఒలింపిక్సుకు సైతము దేశము ఆశపడుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024-29 సంవత్సరములకు ప్రకటించిన క్రీడావిధానములో ఒలింపిక్ స్వర్ణపతకము తెచ్చినవారికి 7 కోట్ల రూపాయల పారితోషికము చూపినది. క్రీడావసతుల నిర్మాణమున ప్రైవేటు భాగస్వామ్యమును కోరినది. పతకము కావలెను, ధనము చాలదు, జాగా ఉన్నది. ఈ మూడును కలసినచోట ఊరి ఉద్యానములపైకి, మైదానములపైకి చూపు మరలుట సహజము.

ఈ ప్రతిపాదనను వినగానే కోపించుటయు న్యాయము కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనని సామెత. అందరిదియైన ఉద్యానము అనేకమారులు ఎవరిదియు కాకుండ పోవుచున్నది. నీరు పోయువాడుండడు, ఊయల గొలుసు తెగిన పిదప ఏండ్లు గడచినను అతుకువాడుండడు, పెండ్లి పందిళ్లకు, రాజకీయసభలకు, వ్యాపార ప్రదర్శనలకు మైదానమును అద్దెకిచ్చి, గుంతలు పూడ్చు సంగతి మరచుట పరిపాటి. ఇట్టి స్థితిలో ఒక దాత వచ్చి మంచి నేల పరచి, దీపములు పెట్టించి, శిక్షకుని నియమించెదననుట నేరమెట్లగును? దాతను అనుమానించుట సులభము. కాని ఆ అనుమానము వలన పాడుపడిన మైదానము బాగుపడదు.

కనుక ప్రశ్న ప్రైవేటు ధనము మంచిదా, చెడ్డదా అనునది కాదు. ఆ ధనము ఏ షరతు మీద వచ్చుచున్నది, జాగా తిరిగి ఎవరికి చెందును అనునదియే ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకు తెలుగువారు దూరదేశములకు పోనక్కరలేదు. 2003వ సంవత్సరమున, ఒకే ప్రభుత్వము, ఒకే గచ్చిబౌలి ప్రాంతమున, క్రీడాశిక్షణ పేరిట రెండు నిర్ణయములు చేసినది. ఆ రెంటి కథలను పక్కపక్కన పెట్టి చదివినచో చాలును.

మొదటిది పుల్లెల గోపీచంద్ అకాడమీ. పూర్వపు ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత. ఆయనకు ప్రభుత్వము 5 ఎకరముల భూమిని 45 సంవత్సరముల కౌలుకిచ్చినది. భూమి దొరకినది గాని కట్టుటకు ధనము దొరకలేదు. ఆయన తన ఇంటిని తాకట్టు పెట్టెను. పారిశ్రామికుడు నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద మొత్తమును విరాళముగా ఇచ్చెను. 2008లో అకాడమీ తలుపులు తెరచినది. అక్కడ శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యమును, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్సులో రజతమును తెచ్చిరి. గుంటూరు ప్రాంతము నుండి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచమున మొదటి స్థానమునకు చేరెను.

రెండవది ఐ.ఎం.జి. భారత వ్యవహారము. 2003 ఆగస్టులో, స్థాపింపబడి వారమైనను కాని ఒక సంస్థతో ప్రభుత్వము ఒడంబడిక చేసికొనినది. అంతర్జాతీయ ప్రమాణములుగల క్రీడాశిక్షణాలయములు వచ్చునని చెప్పి 850 ఎకరములను ఒప్పుకొనినది: గచ్చిబౌలిలో 400, మామిడిపల్లిలో 450. ధర మొదటిచోట ఎకరమునకు 50,000 రూపాయలు, రెండవచోట 25,000 రూపాయలు. ఇది కౌలు కాదు, విక్రయము. శాసనసభ రద్దయిన తరువాత, ఆపద్ధర్మ ప్రభుత్వము నడచుచుండగా, 2004 ఫిబ్రవరిలో గచ్చిబౌలి భూమికి విక్రయపత్రము సైతము వ్రాయబడినది. తరువాతి ప్రభుత్వము 2006లో దానిని రద్దు చేసి, 2007లో ప్రత్యేక శాసనము తెచ్చినది. సంస్థ న్యాయస్థానమునకు పోయినది. 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పినది. అదే సంవత్సరము మే నెలలో సుప్రీంకోర్టు సంస్థ అప్పీలును త్రోసివేసినది. ఇరువది యేండ్లకు పైగా ఆ నేలపై ఒక్క ఆటగాడును తయారు కాలేదు.

కథ అంతటితోను ముగియలేదు. తిరిగివచ్చిన ఆ 400 ఎకరములను తెలంగాణ ప్రభుత్వము 2025లో అభివృద్ధికని చదును చేయింపబూనగా, పక్కనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపినది. ఒకమారు ప్రజల చేతినుండి జారిన భూమి మరల కాగితముపై వచ్చినను, వెనుకటి స్థితికి వచ్చుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

రెండు కథలకు భేదమెక్కడ? మొదటి సందర్భమున భూమి కొంచెము, గడువు నిర్ణీతము, యాజమాన్యము ప్రభుత్వమునది, పని చేయవలసినవాడు ఆటలో చేయి తిరిగినవాడు. రెండవ సందర్భమున భూమి అపారము, ధర నామమాత్రము, బదిలీ శాశ్వతము, అనుభవము కాగితముపైననే. మొదటిదానిలో ఆటకు తగినంత నేల ఇచ్చిరి. రెండవదానిలో నేల కొరకు ఆట పేరు వాడిరను అనుమానమునకు తావిచ్చిరి.

అయితే గోపీచంద్ అకాడమీని చూపి ప్రతి ఉద్యానములోను ఒక అకాడమీ కట్టవచ్చుననుట పొరపాటు. అక్కడ ఇచ్చినది ఊరివారు నడచుచుండిన ఉద్యానము కాదు, ప్రభుత్వపు భూమి. ఉద్యానమునకు వేరు ధర్మము కలదు. శిక్షణకేంద్రము ఏరి తీసికొనును. వేయిమందిలో పదిమందిని, ఆ పదిమందిలో ఒకనిని ఎన్నుకొనుట దాని పని; అది తప్పు కాదు, అట్లు చేయక పతకము రాదు. ఉద్యానము ఏరదు. కాలు నొచ్చు వృద్ధురాలు, పని దొరకక చెట్టునీడన కూర్చున్న కూలి, బంతి కొనలేక గుడ్డలు చుట్టి ఆడుకొను పిల్లవాడు, అందరును అక్కడ సమానులే. ఏరు సంస్థను ఏరని జాగాలో పెట్టినచో గోడ లేచును, గోడకు ద్వారము, ద్వారమునకు కాపలావాడు వచ్చును. నిన్నటివరకు అడుగకయే ప్రవేశించినవారు ఆనాటినుండి బయట నిలువవలసివచ్చును.

ఈ విషయమున న్యాయస్థానములు చాలకాలము క్రిందటనే మాట చెప్పినవి. బెంగుళూరులో రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతమున ఉద్యానమునకని విడిచిన జాగాను ఒక వైద్యసంస్థకు నర్సింగుహోము కట్టుటకిచ్చిరి. పరిసరముల నివాసులు వ్యాజ్యము వేసిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదనినది. వైద్యము మంచిపనియే, కాని ఉద్యానమునకు విడిచిన ఖాళీజాగా చేయు మేలును ప్రైవేటు నర్సింగుహోము తీర్చలేదని న్యాయస్థానము భావించినది. లక్నోలో నగరపాలిక ఝండేవాలా ఉద్యానము క్రింద అంగళ్ల సముదాయము కట్టుకొనుటకు ఒక నిర్మాణసంస్థకు అనుమతించగా, 1999లో అదే న్యాయస్థానము దానిని తీసివేయించి ఉద్యానమును యథాస్థితికి తెమ్మని ఆజ్ఞాపించినది. పాలకులు ఉద్యానములకు ధర్మకర్తలే గాని యజమానులు కారను సూత్రము ఈ తీర్పులలో స్థిరపడినది.

నెల్లూరి తీరవాసులకు ఈ సూత్రము పుస్తకములలోని మాట కాదు. 1990 ప్రాంతమున రొయ్యల చెరువులు ఈ తీరమును చుట్టినప్పుడు కూడ మొదట వినిపించినది అభివృద్ధి మాటయే. ఉద్యోగములు వచ్చునని, విదేశమారకము వచ్చునని చెప్పిరి. ధనము నిజముగనే వచ్చినది. కాని బావుల నీరు ఉప్పనగుట, బెస్తవారు తమ పల్లెలనుండి సముద్రమునకు పోవు దారులకు అడ్డము కలుగుట వంటి నష్టములు సుప్రీంకోర్టు వరకు చేరి విచారణకు వచ్చినవి. 1996 డిసెంబరులో ఆ న్యాయస్థానము తీరప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు చెప్పినది. లాభము ఒకరిది, దారి పోయినది మరొకరిది అను అనుభవము ఆ విధముగ ఈ నేలకు పాతది.

ఇసుకతీరమున క్రీడాకేంద్రము కట్టెదమనువారికి మరియొక హద్దు కలదు. 1991లో మొదట వెలువడి, 2011లోను, 2019లోను మార్పులు పొందిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన ననుసరించి, జనసాంద్రత తక్కువగానున్న గ్రామీణ తీరమున సముద్రపు పోటుగీత నుండి 200 మీటర్ల వరకు కొత్త కట్టడములకు సాధారణముగా తావు లేదు. తుపానులెరిగిన తీరమునకు ఈ నియమము అవరోధము కాదు, రక్ష. ఇసుకపై వాలీబాలు ఆడుటకు వల, రెండు గుంజలు చాలును. అందుకు సిమెంటు మేడ అక్కరలేదు.

ఇది బీదదేశపు చిక్కు మాత్రమేయని తలంచుట సరికాదు. లండనులో వింబుల్డన్ టెన్నిసు క్లబ్బు తమకు ఎదురుగానున్న ఉద్యానభూమిని 1993లో స్థానిక పాలకసంస్థ నుండి కొనినది. దానిపై కట్టడములు కట్టరాదను నిబంధనకు నాడు ఒప్పుకొనినది. ఆ క్లబ్బే అక్కడ 38 టెన్నిసు కోర్టులను, 8,000 మంది పట్టు స్టేడియమును కట్టబూనగా 2024 సెప్టెంబరులో అనుమతి లభించినది. అందులో కొంతభాగమును కొత్తగా ప్రజోద్యానము చేసెదమని క్లబ్బు చెప్పినను, పరిసరవాసులు న్యాయస్థానమునకు పోయిరి. ధనమునకు, కీర్తికి లోటు లేని సంస్థ విషయముననే, ముప్పదియేండ్ల క్రిందటి మాటకు విలువ ఎంతయను వివాదము రేగినది. కనుక మాట గట్టిగా నుండుటకు మంచితనముపై ఆధారపడరాదు; వ్రాతలో, శాసనబలముతో ఉండవలెను.

ఈ అనుభవముల వలన కొన్ని నియమములు స్పష్టముగ తేలుచున్నవి. ప్రజల జాగా ఎన్నటికిని విక్రయింపరాదు; కౌలు తగినంత మాత్రమే, నిర్ణీతమైన గడువునకే ఈయవలెను. ఒప్పుకొనిన కాలములో పని మొదలుకానిచో భూమి వ్యాజ్యము లేకుండ తిరిగి రావలెను. ఒడంబడిక సంతకమునకు ముందే తెలుగులో ప్రకటింపబడి, పురపాలక సభలో బహిరంగముగ చర్చింపబడవలెను. ఎన్నికలు ముందున్న నెలలలో ఇట్టి నిర్ణయములు చేయరాదు. బీదపిల్లలకు కొన్ని స్థానములు ఉచితమనుట చాలదు. ఎన్ని స్థానములు, ఎవరు ఎన్నుకొందురు, లెక్క ఎవరు చూతురు అనునవి వ్రాయవలెను. ఉదయము, సాయంకాలము ఊరివారికి విడువవలసిన గంటలు ద్వారముపై బోర్డుగా నుండవలెను.

అన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఉద్యానమే ఏల? ఊరిలో ఇదివరకే స్టేడియములున్నవి, పాఠశాలల ఆటస్థలములున్నవి. దాతకు నిజముగ ఆటయే కావలసినచో వానిని బాగుచేయుట, శిక్షకులకు జీతములిచ్చుట, పిల్లలకు పాలు, గ్రుడ్లు పెట్టుట అంతకంటె త్వరగా ఫలించును. ఆ సహాయమునకు ఎకరము భూమియు అక్కరలేదు. జాగా లేనిదే సహాయము చేయననువాని మనస్సులో ఆట ఎంత, జాగా ఎంత అని విచారించుట పాలకుల విధి. అట్లు విచారించిన పిదప, పైని షరతులన్నిటికి ఒప్పుకొని వచ్చు దాత దొరకినచో అతనిని సంతోషముతో ఆహ్వానింపవచ్చును.

పతకము తెచ్చువారు ఊరికొకరైనను పుట్టరు. ఆడుకొనవలసిన పిల్లలు ఇంటింటనున్నారు. ఆ పిల్లలలోనుండియే రేపటి విజేతలు రావలెను. విశాలమైన జాగాలో వేలమంది ఆడినప్పుడు గాని ఏరుకొనుటకు పదిమంది తేలరు. ఈ లెక్కను గుర్తించిన పురపాలకసభ, తన చేతిలోని మైదానమును కాపాడుకొనుటయే క్రీడలకు తాను చేయగల మొదటి సేవయని తెలిసికొనును.