శక్తిమాన్ కథయు, బాలుర నమ్మికయు

మా పాఠశాలలో తలిదండ్రుల సభ జరిగినప్పుడెల్ల ఈ నడుమ నొక విన్నపము వినవచ్చుచున్నది. ఆకాశమున నెగురు వీరుల బొమ్మలు గల సంచులను, నీళ్ల సీసాలను, పుస్తకముల అట్టలను బడిలోనికి రానీయరాదనియు, ఆ కథల పిచ్చిచే పిల్లలు చదువు చెడుచున్నారనియు కొందఱు పెద్దలు చెప్పుచున్నారు. వారి దిగులు నిష్కారణమైనది కాదు. అయినను ఆ నిషేధమునకు మేము సమ్మతింపజాలము. ఈ విషయమున మాటలాడుటకు మాకు గల యధికారము ప్రాయముచేత వచ్చినది. ఏలయనగా నేడు నలువది దాటిన మావంటివారమందఱము ఒకానొక యెగురు వీరుని కొఱకు వారమంతయు కాచుకొని యుండిన బాలురమే.

ఆ వీరుని పేరు శక్తిమాన్. ఆ ధారావాహికము 1997 సెప్టెంబరు 13వ తేదీన దూరదర్శన్ జాతీయ ప్రసారమున నారంభమై 2005 మార్చి వఱకు, నాలుగు వందలకు పైబడిన భాగములుగా సాగినది. ముకేశ్ ఖన్నాగారు దానికి నిర్మాతయు, నాయక పాత్రధారియు నైరి. దిన్‌కర్ జానీగారు దర్శకులు. 1988 మొదలు 1990 వఱకు ప్రసారమైన మహాభారతమున భీష్ముడైన ఖన్నాగారిని ఇంటింట నెఱుగుదురు. ఇక శక్తిమాన్‌నకు శత్రువైన తమ్‌రాజ్ కిల్విష్‌గా నటించిన సురేంద్రపాల్‌గారు ఆ భారతమునందే ద్రోణాచార్యులు. కురుక్షేత్రమున నొక్క పక్షముననే పోరాడిన వృద్ధవీరులిద్దఱు ఇచ్చట నెదురెదురుగా నిలుచుట మా పెద్దలకు మిక్కిలి వినోదము గొల్పెడిది. "తాతకును గురువునకును ఇప్పుడు చెడినదా?" యని వారు నవ్వుకొనెడివారు.

అప్పటి నాగోలు ఇప్పటి నాగోలు కాదని విద్యార్థులకు ముందుగా చెప్పవలసియున్నది. చుట్టుపట్ల నున్న లాల్‌బహదూర్‌నగర్ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలసినది 2007లోనే. మెట్రో రైలు వచ్చినది 2017 నవంబరులో. అంతకు పూర్వము మూసీ వంతెన నుండి మన వైపునకు వచ్చినచో ఖాళీ జాగాలు, సగము కట్టిన గోడలు, ఇసుక కుప్పలు, నడుమ నడుమ పచ్చని మళ్లు కానవచ్చెడివి. దిల్‌సుఖ్‌నగర్‌నకు పోవుటయే పట్నమునకు పోవుటగా నెంచెడివారము. అయినను టెలివిజను విషయమున మేము భాగ్యవంతులము. రామంతాపురములోని దూరదర్శన్ స్టూడియో మాకు కొద్ది మైళ్ల దూరముననే యున్నది, మూసారాంబాగులో టీ.వీ. టవరు పేరిట బస్సు ఆగుచోటే కలదు. 1975 ఆగస్టు మొదలు సంవత్సర కాలము, అమెరికా వారి ఉపగ్రహము సాయముతో ఆఱు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు విద్యా కార్యక్రమములను పంపిన గొప్ప ప్రయోగమునకు హైదరాబాదు నొక ముఖ్య కేంద్రముగా నేర్పఱచిరి. అనగా మన ప్రాంతమునకు టెలివిజను పంతులుగానే మొదట వచ్చినది. వీరుడు తరువాత వచ్చెను.

ఇంత దగ్గఱ నున్నను దీపము క్రింద చీకటి యన్నట్లు గాలి వీచినప్పుడెల్ల మా డాబా మీది యాంటెన్నా తిరిగిపోయెడిది. ఒకడు పైకెక్కి కడ్డీని త్రిప్పుటయు, ఇంకొకడు మెట్లపై నిలిచి లోపలివారి కేకలను పైకి చేరవేయుటయు, తెర మీద చీమలు పోయి బొమ్మ కుదిరిన వెంటనే పైవాడు దూకుడుగా దిగివచ్చుటయు నానాటి మా కసరత్తు. మా వీథిలో రంగుల టెలివిజను ఒక్కరి యింటనే యుండెను. వారు పింఛనుదారులు. ఇరువది మంది పిల్లలము వారి వసారా నిండ కూర్చుండెడివారము. చెప్పులు మాత్రము గేటు వెలుపలనే విడువవలెనని వారి శాసనము.

మొదట నీ కథ శనివారము వచ్చెడిది. పిల్లలు దీనికై బడి మానుచున్నారను కారణమున ఆదివారమునకు మార్చితిమని నిర్మాతయే తరువాత చెప్పియున్నారు. బడికి కలిగిన యీ మేలు మావంటి వారికి వేఱొక చిక్కు తెచ్చిపెట్టినది. ఆదివారము పగలు పన్నెండు గంటలకు కథ; మా దేవాలయమున ఆరాధన ముగియుటయు నించుమించు అప్పుడే. పాదిరిగారి ప్రసంగము మూడవ యంశమునకు వచ్చుసరికి వెనుక బల్లల మీద కదలిక మొదలయ్యెడిది. సంఘపెద్దలలో నొకరు దీనిని గ్రహించి, కడపటి కీర్తనను రెండు చరణములతో ముగింపుమని పాటలవారికి సైగ చేసెడివారు. ఆయన దయను మేమిప్పటికిని తలంచుకొందుము.

ఇక కథలోని సారమును గూర్చి. పెద్దలు సాధారణముగా ఇట్టి కథలలో కొట్లాటనే చూతురు. మా మనస్సున నాటుకొనినది వేఱు. శక్తిమాన్ లోకమునకు తెలియకుండ నుండుటకై గంగాధరుడను వేషము ధరించును. దళసరి కళ్లజోడు, ముందుకు వచ్చిన పండ్లు, నూనె రాచి నడుమ పాపట తీసిన జుట్టు. ఒక వార్తాపత్రికలో ఫొటోలు తీయుట అతని కొలువు. అచ్చటి విలేఖరి గీతా విశ్వాస్ మొదలుకొని అందఱకు నతడు పరిహాసపాత్రుడు. పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి యని అతని నిండు పేరు. నాలుగు పాదముల పద్యమును నాలుగు దినములైనను అప్పగింపలేని వాడు ఈ పేరును ఊపిరి విడువక చెప్పెడివాడు. హిందీ పంతులుగారు అది చూచి సంతోషింపవలెనో దుఃఖింపవలెనో తెలియక యుండెడివారు.

ఈ మాఱువేషము కొత్తదేమియు కాదు. 1938లో అమెరికాలో సీగెల్, షూస్టర్ అను నిద్దఱు యువకులు సృష్టించిన సూపర్‌మాన్ కూడ పత్రికా కార్యాలయమున కళ్లజోడు పెట్టుకొని పిఱికివానివలె నుండును. 1962లో పుట్టిన స్పైడర్‌మాన్ ఫొటోలు తీసి పత్రికలకు అమ్ముకొనును. మనకన్ననో, బృహన్నలయు వలలుడు నుండనే యుండిరి. బడి యందు ఈ వేషము చేసిన పని మాత్రము మేము కన్నులార చూచితిమి. మా తరగతిలో దళసరి యద్దముల కళ్లజోడు గల బాలుడొకడుండెను. ఆటలలో వానిని కడపట పిలిచెడివారు. ఈ కథ వచ్చిన తొలి మాసములలో వానికి "గంగాధర్" అని పేరు పెట్టి వెక్కిరించిరి. కాని గంగాధరుడెవరో అందఱకు తెలియును గదా! వెక్కిరింత కొద్ది వారములలోనే తలక్రిందులైనది. ఒకనాడు వాడే లేచి, "అవును, నేను గంగాధరుడనే, జాగ్రత్తగా నుండుడు" అనెను. తరగతి యంతయు చప్పట్లు కొట్టినది. ఏ నీతి పాఠమును ఆ బాలునకు అంత మేలు చేయుట మేము చూడలేదు.

ఈ మాట నీతి పాఠములకు అపకీర్తి తెచ్చుటకు చెప్పినది కాదు. ప్రతి భాగము తుదను శక్తిమాన్ పిల్లలకు చిన్న బుద్ధులు చెప్పెడివాడు. చెత్త వీథిలో వేయరాదు, పండ్లు తోముకొనవలెను, పెద్దలతో నబద్ధమాడరాదు. తప్పు చేసిన బాలుడు శక్తిమాన్‌ను క్షమాపణ వేడుకొనెడివాడు. ఇది మంచిదే. కాని కథ ముగియగానే సగము మంది పిల్లలు వీథిలో గిరగిర తిరుగుచుండిరి. బుద్ధులు వినుచున్నది పింఛనుదారుగారు మాత్రమే.

ఆ గిరగిర తిరుగుటయే పెద్దల దిగులునకు మూలము. ఆ ప్రదర్శనము జరుగుచున్న తొలి సంవత్సరములలో, వీరుడు వచ్చి రక్షించునని నమ్మి పిల్లలు ప్రమాదములు తెచ్చుకొనిరని పత్రికలలో వార్తలు వచ్చినవి. వానిలో కొన్ని నిజము కావని ఖన్నాగారు వాదించిరి. అయినను తామే తెరపైకి వచ్చి, ఇట్టి పనులు చేయవలదని పిల్లలను హెచ్చరించిరి. ఆ వార్తలలో నెన్ని నిజములైనను, మా వీథిలో జరిగినది మేమెఱిగినదే. ఆఱేండ్ల పసివాడొకడు తువాలు మెడకు కట్టుకొని, సగము కట్టిన గోడ మీది నుండి ఇసుక కుప్ప మీదికి దూకెను. కుప్ప దాటి పడెను. మణికట్టు విఱిగి ఆఱు వారములు కట్టుతో నుండెను. వాడు ఎగిరెదనని నమ్మియే దూకెను. సాహసము చూపుటకు కాదు. పదునాలుగేండ్ల వారమైన మేము కూడ తువాళ్లు కట్టుకొంటిమి గాని గోడ యెక్కలేదు. ఒకే కథ, ఒకే వసారా, రెండు వేఱువేఱు నమ్మికలు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బందూరా గారి ప్రయోగమును బోధించిరి. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 72 మంది పసిపిల్లలతో ఆయన దానిని జరిపెను. ఒక పెద్ద మనిషి గాలి బొమ్మను కొట్టి తిట్టుటను చూచిన పిల్లలు, తమకు నవకాశము రాగానే అదే విధముగ కొట్టి, అవే మాటలు పలికిరి. తెర మీద చూచినను ఇట్లే జరుగునని 1963లో మఱల నిరూపించిరి. ఇది చదువుచున్నప్పుడు మాకు ఆ యిసుక కుప్పయే కనులకు గట్టినది. కావున బొమ్మ ఏమియు చేయదని తలిదండ్రులతో మేము వాదింపము. చేయును. చిన్నవానికి మఱింత చేయును.

అయిన నదే వసారాలో ఆ యింటి అవ్వ కూర్చుండెడిది. ఆమెకు హిందీ రాదు, కథ పట్టదు. శక్తిమాన్ పైకి లేచినప్పుడెల్ల ఆమె తన మనుమలను పొడిచి, "ఆ తీగ యేడ కట్టిండ్రో చూడు బిడ్డా" అనెడిది. తీగ కనబడకున్నను వెదకించెడిది. ఒక్కొక్కసారి నిజముగనే కనబడెడిది. ఆనాటి పనితన మట్టిది. ఆమె మనుమలు మాకన్న చిన్నవారైనను ఎన్నడు గోడ లెక్కలేదు. వారికి ఆ కథ మీది మక్కువ కించిత్తైనను తగ్గలేదు. తోలుబొమ్మలాటలో పుల్లలు కనబడుచునే యుండును, దీపము కనబడుచునే యుండును, ఆడించువాని కంఠము పొరుగూరి యతనిదని అందఱు నెఱుగుదురు. అయినను సీత యేడ్చినప్పుడు పల్లె యంతయు నేడ్చును. ఒగ్గుకథ చూచు పసివాని ప్రక్కన తప్పక నొక ముసలివారుందురు, వాని ప్రశ్నకు జవాబు చెప్పుటకు. మన దేశమున కథ చూచుట యనగా పదిమందితో చూచుట.

నేటి ఫోను ఈ ప్రక్కవారిని తీసివేసినది. మేము దీనినే పెద్ద నష్టముగా నెంచుచున్నాము. వీరులు మాఱిరి, బొమ్మలు మెఱుగైనవి, అది సరే. బాలుడు దుప్పటిలో నొంటిగా చూచును. వారము కాచుకొనుట లేదు. ఒక భాగము ముగియగానే రెండవది దానంతట నదే మొదలగును. "అది యెట్లు చేసిరి?" అని యడుగుటకు వానికి మనిషి లేడు.

పాత కథయే మంచిదను పెద్దలకు కూడ నొక మాట. 2020 ఏప్రిలులో అందఱు నిండ్లలో మూతవడి యున్నప్పుడు దూరదర్శన్ వారు శక్తిమాన్‌ను మఱల ప్రసారము చేసిరి. మేము ఆశతో కూర్చుంటిమి. కథ సాగదీసినట్లుండెను, మంటలు కాగితపు మంటలవలె నుండెను. మా యింటి పిల్లలు పది నిమిషములు నవ్వి లేచిపోయిరి. వారిని మేము నిందింపలేము. ఆ బొమ్మ గొప్పది కాదు. దాని చుట్టు నుండిన వసారా గొప్పది.

కావున సంచులను నిషేధింపవలదని మా మనవి. అట్ట మీద తీసివేసిన బొమ్మ అట్ట లోపల నుండును. పిల్లల నెఱిగిన వారికి ఇది తెలియనిది కాదు. తలిదండ్రులు వారమున కొక్క అరగంట వారి ప్రక్కన కూర్చుండి ఆ కథనే చూడవలెను, తీగ వెదకవలెను. తీరిక లేదందురు. అవ్వకు కూడ పప్పు పొయ్యి మీదనే యుండెడిది.

ఉపాధ్యాయుల పాలు ఉపాధ్యాయులకు కలదు. ఈ యేటి విజ్ఞాన ప్రదర్శనమున ఎనిమిదవ తరగతి వారు మా ప్రోత్సాహమున నొక పని చేసిరి. గోడకు ఆకుపచ్చ వస్త్రము కట్టి, దాని యెదుట బల్ల వేసి, దానిని కూడ అదే వస్త్రముతో కప్పిరి. ఒక బాలిక బల్ల మీద బోర్ల పరుండి చేతులు చాచెను. కెమెరా ఆమెను తీయగా, కంప్యూటరు ఆకుపచ్చ రంగు నంతటిని తొలగించి, దాని స్థానమున మూసీ వంతెన చిత్రమును పెట్టినది. తెర మీద ఆ బాలిక వంతెనపై నెగురుచుండెను. ఆమె తమ్ముడు, అయిదేండ్లవాడు, ఒకసారి తెర వంకను ఒకసారి బల్ల వంకను చూచెను. అక్క రెండు చోట్ల నుండుట వానికి కొంతసేపు మింగుడుపడలేదు. పిమ్మట వస్త్రము అంచు ఎత్తి క్రింద వంగి చూచెను, బల్లకు గల నాలుగు కాళ్లను లెక్కపెట్టెను, వచ్చి తన్నును పరుండబెట్టుమనెను. వాని వెనుక వరుస కట్టిన పిల్లలలో పదవ తరగతి వారును ఉండిరి. గంట కొట్టువఱకు ఆ బల్ల ఖాళీ కాలేదు.